ఆగు, పర్విస్

ఈ కథ నాకు మొదట చెప్పింది ఓజెల్లా ప్రాక్టర్, చేపల కొట్టు ఓజెల్లా. అది జరిగినప్పుడు ఆమె తన కొట్టులోనే, పొయ్యి ముందు, చేతిలో చిల్లుల గరిటెతో నిలబడి ఉంది. అలబామాలోని మా బెస్సెమర్‌లో ఈ కథ చెప్పేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళంతా ఆమె దగ్గర విన్నవాళ్ళే, విని పాడుచేసినవాళ్ళే. ఎవరైనా మీకు దీన్ని వేరేగా చెబితే మర్యాదగా తల ఊపండి. నమ్మకండి.

ఓజెల్లా కొట్టు బస్సు ఆగే చోటుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. పైపుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగే వేళకి ఆమె పొయ్యి వెలిగించి, నూనె కాగగానే మొక్కజొన్న పిండి అద్దిన చేపముక్కలు వదిలేది. గుమ్మం పైన తీగతో కట్టిన లౌడ్‌స్పీకర్ ఒకటి ఉండేది. లోపల కౌంటర్ మీద రికార్డు తిరిగితే వీధి చివర మంగలి షాపు దాకా వినపడేది. జనంలో సగాన్ని వాసన లాక్కొచ్చేది, మిగతా సగాన్ని పాట.

ఆ పాటల్లో లూవీనియా టేట్ పాట ఒకటి. "నా గుమ్మం దాటేటప్పుడు" అని దాని పేరు. నువ్వు నా గుమ్మం దాటేటప్పుడు కాస్త నెమ్మదిగా నడువు, తలుపు తీసే ధైర్యం నాకు వచ్చేదాకా. ఇదీ పాట. మొదటి చరణం అయిపోయి రెండోది సగంలో ఉండగా లూవీనియా పాడటం వదిలేసి, వంటింట్లో మాట్లాడినట్టు మామూలు గొంతుతో, "ఆగు, పర్విస్!" అంటుంది.

అనగానే ఆగేది.

పర్విస్ ఒక్కడే కాదు, ఆ పాట వినపడినంత మేర అన్నీ ఆగేవి. మూకుడులో నూనె బుడగలు ఆగేవి. మంగలి కత్తి గడ్డం మీద ఆగేది. బస్సు ఆగేది, బస్సు వెనక పొగ ఆగేది, ఏడుస్తున్న పిల్ల నోరు తెరిచినట్టే ఆగేది. ఒంపుతున్న చల్లటి టీ జగ్గుకీ గ్లాసుకీ మధ్య తాడులా నిలబడేది. ఒక్క ఊపిరి సేపు. ఆ తర్వాత డ్రమ్ము దెబ్బ పడేది, ఎక్కడివక్కడ మళ్ళీ మొదలయ్యేవి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఆ ఊపిరి సేపు నొప్పి ఉండేది కాదు. పన్ను సలుపైనా అంతే. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే, ఆగి మొదలయ్యేసరికి మాట ఎవరి వంతో మరిచిపోయేవారు. అందుకే మా వీధుల్లో ఆ పాటకి అంత గిరాకీ.

లూవీనియా మాత్రం ఆగేది కాదు. ఎవరి గొంతు వాళ్ళని ఆపదు కదా. ఆమె ఓజెల్లా వంటింట్లో చేపలకి పిండి అద్దే పని చేసేది. ఆ పూట కొట్టులో ఉంటే, మేం కదిలేసరికి ఒక పిల్లాడి ముక్కు తుడిచేసి ఉండేది, ఒలకబోతున్న కారం సీసా నిలబెట్టేసి ఉండేది. ఇంకొకడు కూడా సరిగ్గా ఆగేవాడు కాదు. పర్విస్. అందరితోపాటే ఆగేవాడు గానీ సగం ఊపిరికే కదిలిపోయేవాడు. అక్కడా తొందరే.

పర్విస్ లూవీనియా మొగుడు. డ్రమ్ములు వాయించేవాడు. చెయ్యి బంగారం, మనిషి తొందర. చర్చిలో పాస్టర్‌గారి ప్రార్థన ముగియకముందే "ఆమెన్" అనేవాడు. తన పెళ్ళిలో అడగకముందే "ఒప్పుకుంటున్నాను" అన్నవాడు. లూవీనియా మా చర్చిలో పాటల బృందానికి పెద్ద. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బృందం మొత్తాన్ని ఆపాలంటే అరచెయ్యి ఎత్తి, అందరిలోకీ తొందర మనిషి ఎవరో ఆ ఒక్క పేరు పిలుస్తారు. మిగతావాళ్ళు తమ పేరు రాకముందే సర్దుకుంటారు. ఆ పేరు ఎప్పుడూ పర్విసే.

హోసియా బ్లెడ్సో అని మా దగ్గర ఒకాయన డ్రైక్లీనింగ్ షాపు నడిపేవాడు. దాని వెనక గదిలో టేపు మిషను పెట్టి మా నల్లవాళ్ళ సోల్ పాటలు, అంటే చర్చి గొంతుతో పాడే ప్రేమపాటలు, రికార్డు చేసేవాడు. లూవీనియా ఈ పాట పాడింది ఆ గదిలోనే, పక్కన కోట్లు ఇస్త్రీ చేసే యంత్రం ఆవిరి కక్కుతుంటే. రెండో చరణంలో పర్విస్ ఎప్పట్లాగే ముందుకి ఉరికాడు. లూవీనియా చర్చిలో ఉన్నాననుకుంది. అరచెయ్యి లేచింది, పేరు బయటికొచ్చింది.

"మళ్ళీ మొదటినుంచీ పాడాలి, సిస్టర్ లూవీనియా," అన్నాడు హోసియా అద్దం అవతలినుంచి. "మధ్యలో మాట్లాడారు."

"నేను మాట్లాడకపోతే ఈయన ఈపాటికి పాట ముగించి ఇంటికెళ్ళి పడుకునేవాడు," అంది లూవీనియా. "ఉండనీ. అది కూడా పాటే."

హోసియా ఉండనిచ్చాడు. ఆ మాట దగ్గర ఆవిరి గాల్లో దూదిలా నిలబడిపోయిందని తర్వాత ఓజెల్లాకి చెప్పాడు. చెప్పి, మిగిలిన కోట్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

రికార్డులు కారు డిక్కీలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. అలబామా ఎండలకి సగం డిక్కీలోనే వంగి గిన్నెలయ్యాయి. వాటిలో ఆడవాళ్ళు పూలమొక్కలు పెంచుకున్నారు. మిగతా సగాన్ని నడుం నొప్పులవాళ్ళు వేసి వేసి అరగదీశారు. అసలు టేపు మీద హోసియా ఆ ఏడే పాట చెరిపేసి పాస్టర్‌గారి ఈస్టర్ ప్రసంగం ఎక్కించాడు. ప్రసంగం మంచిదే. హోసియా మీద నా కోపం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

రెండేళ్ళకి అదే పాట ఒక తెల్లబ్బాయి పాడాడు. అతని పేరు నేను పలకను. పలికేవాళ్ళకి లోకంలో కొదవ లేదు. వయొలిన్లు కలిపాడు. లూవీనియా ఎక్కడ ఊపిరి తీసిందో అక్కడే తీశాడు, ఎక్కడ గొంతు కాస్త పగిలిందో అక్కడే పగలగొట్టుకున్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పర్విస్ ఎవరో అతనికి తెలియదు గనక "ఆగు, ప్రియతమా" అన్నాడు.

రేడియోలో అది మొదటిసారి వచ్చిన రోజున వీధంతా సిద్ధంగా ఉంది. ఓజెల్లా గరిటె పట్టుకుని నిలబడింది. ప్రియతమా అన్నాడు. నూనె చిటపటలాడుతూనే ఉంది. బస్సు వెళ్ళిపోయింది. పిల్లి తల కూడా ఎత్తలేదు. వీధి చివర మంగలి మాత్రం అలవాటుకొద్దీ ఆ పాటని నమ్ముకుని కత్తి గురించి పట్టించుకోలేదు. తెగిన చెవి నాది.

"బాగానే పాడాడు," అంది లూవీనియా, చేతులు తుడుచుకుంటూ.

ఆ పాట పెళ్ళిళ్ళలో పాడారు, సబ్బు ప్రకటనలో వాడారు. లోకం మొత్తానికి అది ఆ అబ్బాయి పాట అయిపోయింది. లూవీనియా చర్చిలో పాడుతుంటే, ఎక్కడినుంచో వచ్చిన చుట్టం ఒకావిడ, "అమ్మా, నువ్వు అచ్చం ఆ అబ్బాయిలా పాడతావే," అని మెచ్చుకుంది కూడా. లూవీనియా ఆవిడకి దణ్ణంపెట్టి ఇంటికెళ్ళి వాకిలంతా కడిగింది. అప్పుడు వాన పడుతోంది.

తర్వాత అసలు దెబ్బ తగిలింది. పర్విస్ చేతిలో ఉన్న నడక ఆ తెల్లబ్బాయి డ్రమ్మరుకి పట్టుబడలేదు. పర్విస్ కోసం కారు పంపారు. ఊరూరా తిరిగి వాయించాలన్నారు. వాళ్ళు అడగటం పూర్తికాకముందే పర్విస్ సరే అన్నాడు. లూవీనియా అరచెయ్యి ఎత్తి వాకిట్లోకి వచ్చేసరికి కారు మలుపు తిరిగింది.

కొన్నేళ్ళకి తిరిగొచ్చాడు, జుట్టు సగం నెరిసి. లూవీనియా తలుపు తీయలేదు. రైలు పట్టాల అవతల వాళ్ళ అక్క ఇంట్లో ఉండిపోయాడు. ఒకే చర్చి, ఒకే వీధి, ఒకే చేపల కొట్టు. ఆమె అతనితో మాట్లాడదు. అతని గురించి మాట్లాడాల్సి వస్తే, మా చర్చిలో డీకన్‌ని, పెద్దల్లో ఒకణ్ణి గనక నా వైపు తిరిగి, "డీకన్, ఆ డ్రమ్ముల మనిషికి చెప్పండి, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు," అనేది. పర్విస్ అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేవాడు. నేను చెప్పేవాణ్ణి. అతను నాకే కృతజ్ఞతలు చెప్పేవాడు.

వీధి ఊరుకుంటుందా? పర్విస్ పేరే పోయింది. "ఏం ప్రియతమా, చేపలు ఎన్ని కట్టమంటావు?" "ప్రియతమా, బస్సు తప్పిపోతావు, ఉరుకు!" పర్విస్ నవ్వేవాడు. ఆ నవ్వు నోటి దగ్గరే ఉండేది, పైకి ఎక్కేది కాదు.

ఓ రోజు ఓజెల్లానే అడిగేసింది. "వాళ్ళెందుకు పంపించేశారయ్యా నిన్ను? వాయించలేకా?"

"ఆలస్యంగా వస్తున్నానని పంపించేశారు, మిస్ ఓజెల్లా," అన్నాడు పర్విస్.

"నువ్వా!"

"ఆ మాట దగ్గర నా చేతులు లేచేవి కావు. ఆ అబ్బాయి ప్రియతమా అనేవాడు. అది నన్ను కాదు కదా. నన్ను పిలిచేదాకా చూసేవాణ్ణి. రోజూ అంతే. పాట ముందుకెళ్ళిపోయేది, నేను అక్కడే."

ఓజెల్లా ఈ మాట తీసుకెళ్ళి లూవీనియాకి చెప్పింది. లూవీనియా చేపకి పిండి అద్దుతూ వింది. "అబద్ధం," అంది. "ఆ మనిషి జన్మలో ఆలస్యంగా రాలేదు." కానీ ఆ ముక్కకి పిండి రెండోసారి అద్దింది, మూడోసారి కూడా అద్దింది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో రికార్డులన్నీ అరిగిపోయి, ఒక్కటే మంచిది మిగిలింది. ఓజెల్లా దాన్ని పాటల వరసలోంచి తీసేసి, దిండు గలీబులో చుట్టి, ఖాళీ పిండి డబ్బాలో దాచింది. ఎందుకంటే బర్మింగ్‌హామ్ రేడియోలో ఒకాయన శనివారం సాయంత్రాలు పాత పాటలు వేసి, ఏ పాట మొదట ఎవరు పాడారో చెప్పేవాడు. ఆయన కూడా ఆ తెల్లబ్బాయి పేరే చెప్పేవాడు. ఓజెల్లా ఆయన్ని ఫోనులో వదల్లేదు. చివరికి ఆయన దిగొచ్చాడు. "మీరు చెప్పినట్టు నా కళ్ళముందు అంతా ఆగితే, ఆ సాయంత్రమే రేడియోలో ఆమె పేరు చెబుతాను. నాకన్నా పెద్ద తప్పు ఇంకెవరూ చేయలేదని కూడా చెబుతాను," అన్నాడు. ఫలానా శనివారం వస్తానన్నాడు.

లూవీనియా నీలం గౌను ఉతికించింది. చర్చి టోపీకి కొత్త ఈక కుట్టించింది. వంటింట్లో ఎవరూ లేరనుకుని, గరిటె నోటి దగ్గర పెట్టుకుని, "లూవీనియా టేట్, బెస్సెమర్," అని చెప్పుకుంటుంటే ఓజెల్లా విని, వినపడనట్టు దగ్గింది.

ఆ శనివారానికి ముందు గురువారం. ఓజెల్లా పొయ్యి ముందు ఉంది. లూవీనియా వెనక వంటింట్లో పిండి అద్దుతోంది. పర్విస్ వచ్చాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో డ్రమ్ము పెట్టె.

"దారికి చేప, బ్రెడ్డు కట్టండి, మిస్ ఓజెల్లా. కారం ఎక్కువ."

"ఎక్కడికయ్యా, పెట్టెతో సహా?"

"డెట్రాయిట్. మా మేనకోడలి దగ్గరికి. ఈ బస్సు పట్టుకుంటే బర్మింగ్‌హామ్‌లో పెద్ద బస్సు అందుతుంది."

"ఎప్పుడొస్తావు?"

పర్విస్ లౌడ్‌స్పీకర్ వైపు చూశాడు. "రాను."

"శనివారం దాకా ఉండరాదూ? ఆ పాటలో వాయించింది నువ్వే కదా, ఆ రేడియో ఆయనకి నువ్వు కూడా..."

"అందుకే వెళ్తున్నాను," అన్నాడు పర్విస్, గొంతు తగ్గించి. "డ్రమ్ము ఎవరిదని ఆయన అడుగుతాడు. ఆ అబ్బాయి దగ్గర వాయించింది కూడా ఇతనే కదా అంటాడు. ఇంక అంతా నా గురించే మాట్లాడతారు. ఆమె ఇన్నాళ్ళు కాచుకున్న రోజు. దాంట్లో నా మొహం ఎందుకు?"

"ఆ మాట ఆమెతో చెప్పి వెళ్ళు."

"తలుపు తీయదుగా."

"వెనకాలే ఉంది. అక్కడ తలుపు లేదు, తెర ఒక్కటే."

పర్విస్ తెర వైపు చూశాడు. తెర కింద రెండు బూట్లు కనపడుతున్నాయి, కదలకుండా. అప్పుడే బస్సు వచ్చింది. తొందర మనిషి కదా, చేప పొట్లం చంకలో పెట్టుకుని, డబ్బులు కౌంటర్ మీద పడేసి, రోడ్డు దాటి బస్సెక్కేశాడు.

తెర పక్కకి లేచింది. లూవీనియా మోచేతుల దాకా మొక్కజొన్న పిండి. నేరుగా అలమారు దగ్గరికి నడిచి డబ్బా దించింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?" అంది ఓజెల్లా. "శనివారం! అది శనివారానికి!"

"తెలుసు."

"అది అరిగితే ఇంకోటి లేదు లూవీనియా! నీ పేరు చెప్పడానికి ఇంకేమీ లేదు!"

"తెలుసే. పక్కకి జరుగు."

బస్సు తలుపు మూసుకుంటోంది. మొదటి చరణం అంతా పాడనివ్వడానికి వేళ లేదు. రికార్డు తిరుగుతుండగానే లూవీనియా, ఆ పిండి చేత్తో, సూదిని ఎత్తి పాట మధ్యలోకి నొక్కింది. జీవితమంతా ఇంకొకరిని ఆగమన్న మనిషి ఆ రోజు తనే తొందరపడింది. సూది రికార్డు మీద బర్రున గీరుకుంటూ పోయి ఆ మాట మీద పడింది. గీత తెగి, అక్కడే ఇరుక్కుంది.

"ఆగు, పర్విస్!" అంది లౌడ్‌స్పీకర్. "ఆగు, పర్విస్! ఆగు, పర్విస్! ఆగు, పర్విస్!"

ఇక్కడికి వచ్చేసరికి ఓజెల్లా ఎప్పుడూ నా కళ్ళలోకి చూసి చెప్పేది. "ఆ తర్వాత నేనేమీ చూడలేదు డీకన్. నేను అక్కడే ఉన్నాను, వాళ్ళకి ఇంత దూరంలో. కానీ చెంచా చూస్తుందా? కుర్చీ చూస్తుందా? నేనూ అంతే." కొందరు ఆ పూట లూవీనియా ఏడ్చిందంటారు, కొందరు పర్విస్ మోకాళ్ళ మీద పడ్డాడంటారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. అవన్నీ కల్పించిన మాటలు. నేను ఓజెల్లా చెప్పినవే చెబుతాను. కదిలాక ఆమె కంటికి కనపడ్డవి.

నీడ. బస్సు స్తంభం నీడ అంతకుముందు రోడ్డు అవతలి గట్టు మీద ఉంది. కళ్ళు కదిలేసరికి రోడ్డు దాటి కొట్టు గుమ్మం ఎక్కి ఉంది. పాట సూర్యుడి దాకా వినపడదు కదా, ఆయన పని ఆయన చూసుకున్నాడు.

వీధి చివర వరస. పైపుల ఫ్యాక్టరీ కూత ఎప్పుడు మోగిందో ఏమో, షిఫ్టు దిగినవాళ్ళు చేపల కోసం వస్తూ, పాట వినపడే హద్దు దగ్గర అడుగు పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయారు. వాళ్ళకి ఏమైందో చూద్దామని వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన ఆగిపోయారు. ఒక కుక్క, ఇద్దరు పోలీసులు, ఐస్ బండి. వాటన్నిటికీ ముందు నేను. తర్వాతి స్టాపులో ఎంతసేపు నిలబడినా బస్సు రాకపోతే, డ్రైవరుకి నాలుగు మాటలు చెబుదామని నడిచొచ్చాను. పోస్ట్‌మాన్ క్లీవన్ తనే ముందు ఉన్నానని ఈనాటికీ చెప్పుకు తిరుగుతాడు. నా వెనక ఉన్నాడు. అతని ఊపిరి నా మెడ మీదే ఆగింది.

ఇక కొట్టు లోపల. కౌంటర్ మీద రెండు టీ గ్లాసులు, రెండూ ఖాళీ. చేప పొట్లం విప్పి ఉంది. రెండు కుప్పలుగా ముళ్ళు. ఎత్తు కుర్చీ మీద పర్విస్. అతని కోటు భుజాల మీద, వీపు మీద, టోపీ అంచు మీద, ఒక చెంప మీద మొక్కజొన్న పిండి వేళ్ళ గుర్తులు. డ్రమ్ము పెట్టె వంటింటి తెర లోపల ఉంది. లూవీనియా సూదిని చేత్తో ఎత్తి పట్టుకుని, ఇప్పుడే ఎత్తినట్టు నిలబడి ఉంది. ఆమె చేతుల మీద మాత్రం పిండి లేదు.

"ఎంతసేపే?" అంది ఓజెల్లా.

"కావలసినంత," అంది లూవీనియా.

పర్విస్ బస్సు దిగి ఎలా రాగలిగాడో ఓజెల్లా తర్వాత ఆలోచించి కనిపెట్టింది. అతను సగం ఊపిరికే కదిలేవాడు కదా. ఆ పాట ఆగమన్నప్పుడల్లా ఆగి, మళ్ళీ అనేలోపు ఒక అడుగు వేసి, మళ్ళీ ఆగి, మళ్ళీ ఒక అడుగు. ఆ తొందర మనిషి బతుకులో మొదటిసారి ఒక గుమ్మం దాకా నెమ్మదిగా నడిచి ఉంటాడు. ఆమెకి కావలసినంత సేపు పట్టి ఉంటుంది.

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. "ఏం ప్రియతమా! ఎక్కినట్టే ఎక్కి ఎప్పుడు దిగావు? వస్తున్నావా లేదా?"

లూవీనియా గుమ్మంలోకి వచ్చింది. "ఆయన పేరు పర్విస్," అంది. "ఆయన రావటం లేదు."

అంతే. వీధిలో ప్రియతమా అని మళ్ళీ ఎవరూ వెక్కిరించలేదు.

శనివారం రేడియో ఆయన వచ్చాడు. మంచి సూటు, మంచి బూట్లు. ఓజెల్లా రికార్డు వేసింది. మొదటి చరణం బాగా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు కూడా. రెండో చరణం సగంలో గర్రుమని ఒక గీత, టప్ మని ఒక దూకుడు. పాట అవతలి ఒడ్డున పడి ముందుకెళ్ళిపోయింది. నూనె ఉడుకుతూనే ఉంది. ఆయన గడియారం నడుస్తూనే ఉంది.

"గొంతు చక్కగా ఉందమ్మా," అన్నాడు ఆయన. "కానీ దీని మీద ఏ సంవత్సరమో కూడా లేదు. ఇది ఆ అబ్బాయి పాట విని పాడింది కాదని నాకెలా తెలుస్తుంది?"

నేను లేచాను. నన్ను కూర్చోబెట్టారు. ఆ కూర్చోబెట్టినవాళ్ళెవరో నాకు గుర్తుంది.

లూవీనియా నీలం గౌనులో, కొత్త ఈక టోపీలో, ఆయన ముందు పళ్ళెం పెట్టింది. "చేప చల్లారుతుంది. తినండి, బాబూ," అంది. "ముళ్ళు చూసుకోండి."

ఆయన తిన్నాడు, మెచ్చుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఓజెల్లా కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"ఊరుకోవే," అంది లూవీనియా. "ఒక్కటే రికార్డు. ఒక్కటే పని చేస్తుంది."

"నీ పేరు పోయిందే!"

"నా పేరు ఎక్కడికీ పోలేదు. వంటింట్లో పిలుస్తున్నాడు చూడు."

నిజమే, లోపలినుంచి పర్విస్ పిలుస్తున్నాడు. పిండి డబ్బా ఎక్కడ పెట్టావని. ఆమె జవాబు చెప్పకముందే ఏదో కింద పడేసిన చప్పుడైంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు బతికారు. ప్రతి ఆదివారం పర్విస్ ముందుకి ఉరికేవాడు, లూవీనియా అరచెయ్యి ఎత్తి "ఆగు, పర్విస్" అనేది. బృందం ఆగేది. ఫ్యానులు తిరుగుతూనే ఉండేవి, పిల్లలు ఏడుస్తూనే ఉండేవారు. మేమంతా అలవాటుకొద్దీ ఒక్క ఊపిరి ఆగేవాళ్ళం. పర్విస్ ముందు పోయాడు, అక్కడా తొందరే. సమాధి దగ్గర లూవీనియా అతని పేరు ఒక్కసారి పిలిచింది. ఆగమని మాత్రం అనలేదు. తర్వాత ఆమె కూడా నెమ్మదిగా, తన వేళకి తను వెళ్ళింది. ఓజెల్లా పోయిన వేసవిలో పోయింది. ఇప్పుడు ఈ కథ సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. క్లీవన్‌కి కూడా తెలుసనుకుంటాడు.

ఆ రేడియోలో శనివారం సాయంత్రం ఇప్పటికీ పాత పాటలు వస్తాయి. ఇప్పుడు చెప్పేది ఇంకొక కుర్రాడు. అతను కూడా ఆ పేరే చెబుతాడు, మొదట పాడినవాడని. నాకు రాయటం అంతగా రాదు. ఫోను చేస్తే పెట్టేస్తారు. మీలో ఎవరైనా, చదువుకున్నవాళ్ళు, ఆ కుర్రాడికి తెలిసేలా చెప్పండి. "నా గుమ్మం దాటేటప్పుడు" మొదట పాడింది లూవీనియా టేట్, బెస్సెమర్. డ్రమ్ములు పర్విస్ టేట్. అందులో మాట ప్రియతమా కాదు, పర్విస్. ఆ తెల్లబ్బాయి పాటే వేసుకోమనండి, నాకు అభ్యంతరం లేదు. వేసేముందు ఒక్క ఊపిరి సేపు ఆగి, ఆమె పేరు చెప్పమనండి.